తలపాగాలో తాళంచెవి



ఈ పూట ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. ఆటంటే కబడ్డీ కాదు, క్రికెట్టూ కాదు. గదిలో ఆడే ఆట. ఎస్కేప్ రూమ్ అంటున్నారు దాన్ని. హైదరాబాదులో చదువుకునే పిల్లలో, ఉద్యోగం చేసే పిల్లలో మీ ఇంట్లో ఉంటే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది. పడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను.

మిమ్మల్ని, మీతోపాటు ఓ నలుగురిని ఒక గదిలోకి పంపిస్తారు. తలుపు మూస్తారు. మామూలుగా గంట టైమిస్తారు. గది నిండా సామాన్లుంటాయి. బీరువాలు, పెట్టెలు, పాత ఉత్తరాలు, గోడమీద పటాలు. వాటిల్లో ఎక్కడో ఒక గుర్తు దొరుకుతుంది. ఆ గుర్తు పట్టుకుంటే ఒక తాళం ఊడుతుంది. తాళం ఊడితే లోపల ఇంకో చిక్కు. అలా ఒక్కో ముడీ విప్పుకుంటూ గంటలోపల బయటపడాలి. అవతల ఒక మనిషి కెమెరాలో చూస్తూ ఉంటాడు. మీరు మరీ తికమకపడితే చిన్న సూచన అందిస్తాడు. అంతే ఆట.

2007లో జపాన్‌లోని క్యోటో నగరంలో తకావో కాటో అనే ఆయన, స్క్రాప్ అనే సంస్థ తరఫున దీన్ని మొదలుపెట్టాడు. కంప్యూటర్లో ఇలాంటి ఆటలు అప్పటికే ఉండేవి. మౌసు పట్టుకుని గదంతా వెతికి, తలుపు తీసుకుని బయటపడే ఆటలు. ఆయన వాటిని తెరమీద నుంచి నిజం గదిలోకి దించాడు. నాలుగేళ్ళకు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒకటి తెరిచారు. ఆ తర్వాత దేశదేశాలూ తిరిగి మన బెంగళూరుకీ హైదరాబాదుకీ వచ్చింది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఆట గురించి కూడా కాదండీ. ఆ ఆటలో వేసుకునే బట్టల గురించి. వేషం గురించి.

ఎందుకంటారా? గది చూస్తే వందేళ్ళనాటి జమీందారు బంగళాలా ఉంటుంది. గోడమీద జింక తల, మూల లాంతరు, బల్లమీద సిరాబుడ్డి. పాపం, ఎంతో ఖర్చుపెట్టి కట్టి ఉంటారు. అందులోకి వెళ్ళే మనవాళ్ళు మాత్రం టీషర్టు, జీన్సు ప్యాంటు, కాళ్ళకి స్పోర్ట్స్ షూసు. గది పాతకాలంలో ఉంటుంది, మనుషులు ఇవాళ్టిలో ఉంటారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోగానే ఆ బంగళా కాస్తా అట్టముక్కలైపోతుంది. అందుకని కొన్నిచోట్ల ఆటగాళ్ళకి కూడా వేషాలు ఇస్తున్నారు. జైలు కథైతే ఖైదీ చొక్కా. ప్రయోగశాల కథైతే తెల్లకోటు. హత్య కేసైతే డిటెక్టివు టోపీ.

మంచిదే. అయితే దీనిమీద నాకో అభిప్రాయముంది. ముందే చెప్పేస్తాను. వేషం వేస్తే ఆ వేషానికి ఒక పని పడాలి. పని లేని వేషం ఫొటోకి పనికొస్తుంది, ఆటకి పనికిరాదు. మళ్ళీ చెప్తున్నాను. వేషం వేస్తే దానికి పని పడాలి.

ఈ సంగతి మనం జపాన్ వెళ్ళి నేర్చుకోనక్కర్లేదు. తప్పించుకునే కథలూ, వేషాల కథలూ మనకి కొత్తా?

లక్క ఇల్లు గుర్తుచేసుకోండి. వారణావతంలో పాండవుల కోసం కట్టించిన ఇల్లు. గోడల నిండా లక్క, నెయ్యి, జనుము. నిప్పంటుకుంటే లోపలివాళ్ళు లోపలే. బయల్దేరేటప్పుడు విదురుడు ధర్మరాజుకి అందరి ముందూ గుట్టుగా ఒక హెచ్చరిక చేశాడు. అడవిని కాల్చే నిప్పు కలుగులో ఉన్న ప్రాణిని ఏమీ చెయ్యలేదని దాని సారాంశం. వినేవాళ్ళకి అది ఏదో నీతివాక్యం. ధర్మరాజుకి మాత్రం అది దారి. కలుగు అంటే సొరంగం. విదురుడు పంపిన మనిషి వచ్చి నేలలో సొరంగం తవ్వాడు. చూశారా, తలుపు మూసిన ఇల్లు, బయటినుంచి అందిన సూచన, లోపల దాగిన దారి. ఎస్కేప్ రూముకి కావలసినవన్నీ ఆదిపర్వంలోనే ఉన్నాయి.

అక్కడితో కథ అయిపోలేదు. ఇంట్లోంచి బయటపడటం సగమే. బయటపడ్డాక ఎవరి కంటా పడకూడదుగా. అందుకని బ్రాహ్మణ వేషాలు వేసుకుని ఏకచక్రపురం చేరారు. అక్కడ ఆ వేషానికి ఎంత పని ఉందో చూడండి. ఒంటికి బట్ట మార్చుకుంటే సరిపోలేదు. పొద్దున్నే లేచి భిక్షకి వెళ్ళాలి. భీముడంతటివాడు కూడా తెచ్చిన భిక్ష ముందు కూర్చోవాలి. రాజకుమారులమన్న దర్పం నడకలో కనపడకూడదు. బట్ట చెప్పినట్టు ఒళ్ళు వినాలి.

ఇంకో కథ, మనకి ఇంకా దగ్గరిది. వేదం వెంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయం అనే నాటకం రాశారు. ఓరుగల్లు ప్రభువు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీవాళ్ళు చెరపట్టి తీసుకుపోతారు. ఆయన్ని విడిపించి తెచ్చే భారం మంత్రి యుగంధరుడి మీద పడుతుంది. యుగంధరుడు ఏం చేశాడు? సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడా? లేదు. పిచ్చివాడి వేషం వేసుకుని ఢిల్లీ వీధుల్లో తిరిగాడు. చింపిరి గుడ్డలు, చింపిరి జుట్టు. సుల్తానుని పట్టుకుపోతానని నడిబజార్లో అరుస్తాడు. తను చెయ్యబోయే పని తనే చాటింపు వేసుకుంటున్నాడన్నమాట. అయినా ఒక్కడూ పట్టించుకోడు. పిచ్చివాడి మాట ఎవడు వింటాడు?

ఆ వేషం ఎంత పని చేసిందో గమనించండి. నోరు విప్పడానికి అనుమతి ఇచ్చింది. ఎక్కడికైనా వెళ్ళడానికి దారి ఇచ్చింది. కాపలావాడి కళ్ళు కప్పింది. వ్యాపారి వేషంలో వెళ్ళి ఉంటే సరుకేదని అడిగేవారు. బైరాగి వేషంలో వెళితే ఏ మఠం నీదని అడిగేవారు. పిచ్చివాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అవసరం చూసి వేషం ఎంచుకోవడమంటే అది. మనవాళ్ళు ఇంకా ఎస్కేప్ రూముల్లో ఈ నాటకం ఎందుకు వాడుకోలేదో నాకు అర్థం కాదు. చెరసాల, మారువేషం, కాపలా, గడువు. అన్నీ సిద్ధంగా ఉన్న సరుకు.

సరే, ఇవి పుస్తకాల్లో కథలు. మన వీధుల్లోకి వద్దాం. పగటివేషగాళ్ళు.

మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. రాత్రి నాటకానికి స్టేజీ ఉంటుంది, తెర ఉంటుంది, పెట్రోమాక్సు వెలుగుంటుంది. పగటివేషానికి ఇవేవీ ఉండవు. నడిపగలు, నడివీధి. మీ అరుగు ముందు, మీ మొహంలో మొహం పెట్టి ఆడాలి. పిట్టలదొర వచ్చేవాడు గుర్తుందా? మాసిన ఖాకీ నిక్కరు, నెత్తిన దొరటోపీ, భుజాన చెక్క తుపాకీ. ఆ తుపాకీతో పేల్చేవన్నీ కోతలే. లేని భూములు, లేని గుర్రాలు, లేని అత్తగారి ఆస్తులు. ఆ టోపీ తీసేసి అదే మాట చెప్పించండి. ఒక్కడు నవ్వితే ఒట్టు. టోపీ ఉంటేనే దొర, దొర అయితేనే కోతలు.

వీటన్నిట్లోకి నాకు ఇష్టమైంది అర్ధనారీశ్వర వేషం. ఒకే మనిషి. ఒంటికి ఒక పక్క శివుడు, ఇంకో పక్క పార్వతి. ఒక పక్క విభూతి, జడలు. ఇంకో పక్క పసుపు, చీర, చేతికి గాజులు. చేతిలో ఒక గుడ్డతెర. ఆ తెరతో పార్వతి సగాన్ని మూస్తే శివుడు మాట్లాడతాడు. తెర ఇటు తిప్పగానే పార్వతి జవాబు చెబుతుంది. గొంతు మారుతుంది. నిలబడే తీరు మారుతుంది. ఆ మోకాలు వంగే తీరు కూడా మారుతుంది. దగ్గరగా కూర్చుని చూస్తే, తెర తిరిగే ఆ అరక్షణంలో మనిషి మొహం ఖాళీగా ఉంటుంది. శివుడూ కాదు, పార్వతీ కాదు. మరుక్షణం ఆవిడ వచ్చేస్తుంది. అక్కడ వేషం అలంకారం కాదు. ఏ పక్క కనిపిస్తే ఆ పక్క పని చెయ్యాల్సిందే.

మన పాత గుంటూరు జిల్లా బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు ఈ విద్యలో ఆరితేరినవారు. మగవాడు. నాటకాల్లో వేసింది మాత్రం సత్యభామ, చిత్రాంగి, రోషనార. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. సత్యభామ చీర కట్టిందీ, చిత్రాంగి చీర కట్టిందీ. అయినా ఆ ఇద్దరూ ఒకలా కూర్చోరు. ఒకలా అలగరు. చీర కట్టాక ఏం చెయ్యాలన్నది తెలిస్తేనే ఆ వేషానికి విలువ.

మనం ఎక్కడ తప్పుతున్నామో చెప్పనా? బళ్ళో విచిత్ర వేషధారణ పోటీలు పెడతారు చూడండి. ఆగస్టు పదిహేనుకో, వార్షికోత్సవానికో. ఒక పాప భారతమాత. ఒక బాబు గాంధీ తాత. గుండుకి తెల్లటి గుడ్డ టోపీ, చేతిలో వాళ్ళ తాతగారి కర్ర. ఇంకొకడు అల్లూరి సీతారామరాజు. గడ్డం జిగురు దురదపెడుతుంటే వాడు బాణం వదిలేసి గోక్కుంటుంటాడు. వాళ్ళమ్మ కిందనుంచి కళ్ళెర్రజేస్తుంటుంది. ముద్దుగానే ఉంటుంది, కాదనను. కానీ పిల్లలు స్టేజీమీదికి వచ్చి, ఒక్క వాక్యం అప్పజెప్పి, దిగిపోతారు. గాంధీగారి కర్రకి చేసే పని ఏదీ ఉండదు. బాణానికీ ఉండదు. అదే బళ్ళో ఏకపాత్రాభినయం చూడండి. పిల్లవాడు దుర్యోధనుడైతే గద ఎత్తాలి, కింద పెట్టాలి, మళ్ళీ ఎత్తాలి. గదకి పని పడింది. వాడి మొహంలో దుర్యోధనుడు కనపడతాడు. అవే అట్టలు, అదే బంగారు కాగితం.

దీనిమీద శాస్త్రవేత్తలు కూడా పరీక్షలు చేశారు. రెండు చెప్తాను, వినండి.

2012లో అమెరికాలో ఆడమ్, గెలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి తెల్లకోటు ఇచ్చారు. కొందరితో ఇది డాక్టరు కోటు అన్నారు. మరికొందరితో ఇది బొమ్మలు వేసేవాడి కోటు అన్నారు. కోటు ఒకటే. మారింది పేరే. డాక్టరు కోటు అనుకుని వేసుకున్నవాళ్ళు తేడాలు పట్టే పనిలో ఎక్కువ శ్రద్ధ చూపించారని వాళ్ళు రాశారు. అయితే 2019లో ఇంకో బృందం ఆ పరిశోధనలో ఒక భాగాన్ని మళ్ళీ చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. కనక దీన్ని వేదవాక్కుగా తీసుకోవద్దు.

రెండోది 2017లో వచ్చింది. నాలుగేళ్ళు, ఆరేళ్ళ పిల్లలకి విసుగు పుట్టించే పని ఒకటి ఇచ్చారు. పక్కనే ఆడుకోవడానికి ఒక వీడియోగేము పెట్టారు. కొందరు పిల్లల్ని బ్యాట్‌మన్‌లాంటి కథానాయకుల వేషం వేసుకోమన్నారు. నువ్వు కష్టపడుతున్నావా అని అడగలేదు. బ్యాట్‌మన్ కష్టపడుతున్నాడా అని తమని తాము ప్రశ్నించుకోమన్నారు. ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు పనిమీద నిలబడ్డారు. నాకు ఇందులో నచ్చింది ఆ ప్రశ్న. ఆ వేషం వేసుకున్నవాణ్ణి ఒక ప్రశ్న అడిగారు. అంటే వేషానికి పని అప్పజెప్పారు. మళ్ళీ అదే మాటకి వచ్చాం చూశారా.

ఇక మన ఊరికి వద్దాం. గురజాలకి.

మన గురజాలలో ఒక ఎస్కేప్ రూమ్ పెడితే కథ కోసం వెతుక్కోవాలా? పన్నెండో శతాబ్దంలో ఇక్కడే నలగామరాజు రాజ్యం చేశాడు. అటు మాచర్లలో మలిదేవుడు. ఇటు మంత్రి నాయకురాలు నాగమ్మ, అటు మంత్రి బ్రహ్మనాయుడు. మధ్యలో కోడిపందెం. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలి. సినిమావాళ్ళు రెండుసార్లు తీశారు ఈ కథని, 1947లో ఒకసారి, 1966లో ఒకసారి. మొదటిదాంట్లో కన్నాంబ, రెండోదాంట్లో భానుమతి నాగమ్మ వేషం కట్టారు.

నా ఊహ ఒకటి చెప్తాను. ఇది చరిత్ర కాదు, ఆట కోసం అల్లిన ముచ్చట. కోడిపందేనికి ముందురోజు రాత్రి. మాచర్ల నుంచి నలుగురు మనుషులు గురజాల కోటలోకి మారువేషంలో వచ్చారు. తెల్లారేలోపల ఒక సంగతి తెలుసుకుని బయటపడాలి. అంతే కథ.

ఆ నలుగురికీ వేషాలిద్దాం. మఖమలు అంగీలు, అట్ట కిరీటాలు వద్దు. ఒకడికి తలపాగా, చేతికర్ర. ఒకరికి కాళ్ళకి గజ్జెలు. ఒకరికి వేలికి ముద్ర ఉంగరం. ఒకరికి నడుముకి చిక్కం. నలుగురికీ భుజాన తలో ఉత్తరీయం.

ఇప్పుడు వాటికి పని పెడదాం.

ముందు తలపాగా. అది ఊరికే నెత్తిమీద కూర్చునే గుడ్డ కాదు. సన్నగా, పొడుగ్గా నేసిన పట్టీ. దానిమీద నల్లదారంతో అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం కుట్టి ఉంటాయి. విప్పి నేలమీద పరిస్తే ఒక్క మాట కూడా కుదరదు. కానీ ఆ పట్టీని చేతికర్రకి అంచూ అంచూ తగిలేలా చుట్టండి. చుట్టుకుంటూ పోతే అక్షరాలు ఒక వరసలోకి వస్తాయి. మాట కనపడుతుంది. పూర్వం గ్రీకు దేశంలో స్పార్టావాళ్ళు తోలుపట్టీతో ఇలాగే రహస్యాలు పంపుకునేవారని చెప్తారు. మనం తలపాగాతో చేద్దాం. సరైన లావు ఉన్న కర్ర అయితేనే మాట కుదురుతుంది. గదిలో కర్రలు నాలుగైదు ఉంటాయి. తలపాగా చుట్టుకుని వచ్చినవాడి చేతిలో ఉన్నదే అసలు కర్ర. వాడు దాన్ని ఎక్కడో మూల ఆనించి మర్చిపోయి ఉంటాడు. వెతుక్కోవాలి మరి.

తర్వాత గజ్జెలు. ఇది ఇంకా సరదాగా ఉంటుంది. గజ్జెలు కట్టుకున్నవాళ్ళు గదిలో ఒక మూలకి వెళ్ళాలి. అక్కడ కాపలావాడు నిద్రపోతుంటాడు. గజ్జె మోగితే దీపం ఆరిపోతుంది, నిమిషం వృథా. విప్పేసి వెళ్దామా అంటే కుదరదు. గజ్జెలు ఉన్నవాళ్ళకే అవతల గదిలో ప్రవేశం. ఇక ఏం చేస్తారు? పిల్లిలా నడవాలి. లేకపోతే ఇంకొకరి ఉత్తరీయం అడిగి కాళ్ళకి చుట్టుకోవాలి. అక్కడ గజ్జె పాదంలోకి దిగుతుంది. నడక మారుతుంది. నడక మారితే మనిషి మారతాడు.

చిక్కంలో కోడికి వేసే గింజలుంటాయి. ఉంగరం లక్కమీద నొక్కాల్సిన ముద్ర. వాటి సంగతి మీకే వదిలేస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైంది చివరి తలుపు. దానికి నేను చాపకూడుని వాడతాను. కులం చూడకుండా అందర్నీ ఒక్క చాపమీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టిన కూడు. గదిలో మధ్యన ఒక చాప పరిచి ఉంటుంది. నాలుగు విస్తళ్ళు. నలుగురి ఉత్తరీయాల అంచునా ఒక్కో అక్షరం కుట్టి ఉంటుంది. విడివిడిగా చూస్తే ఏమీ లేదు. నా అనే అక్షరం ఒకరికి. గు ఇంకొకరికి. లే ఒకరికి. రు మరొకరికి. ఆ నలుగురూ సరైన వరసలో, పక్కపక్కన, ఒకే చాపమీద కూర్చుంటే మాట వస్తుంది. నాగులేరు. గోడమీద పల్నాటి పటంలో ఆ ఏటి గీత దొరకబుచ్చుకుంటే అక్కడ తాళంచెవి. అప్పటిదాకా గది నాలుగు మూలలా తిరుగుతూ, ఒకరిమీద ఒకరు అరుచుకున్న నలుగురూ ఆఖర్న ఒక చాపమీద కూర్చోకపోతే బయటపడలేరు. ఇది నేను ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా చెప్పగలిగిన చాపకూడు.

ఇందులో ఒక్క వేషం కూడా ఊరికే లేదు. గుర్తుపెట్టుకోండి. తలపాగా చదవాలి. గజ్జె మోగకూడదు. ఉత్తరీయం కలవాలి.

ఒక చిన్న పితలాటకం ఉంది. నాగమ్మని ఎలా చూపించాలి? మాచర్లలో అడిగితే ఒక జవాబు, గురజాలలో అడిగితే ఇంకో జవాబు. ఆడది మంత్రాంగం నడిపితే కుట్ర, మగవాడు నడిపితే రాజనీతి అని కథ చెప్పేవాళ్ళకి ఒక అలవాటు. నన్నడిగితే రెండు గదులు కట్టండి. ఒకదాంట్లో మాచర్లవాళ్ళు, ఒకదాంట్లో గురజాలవాళ్ళు. రెండోదాంట్లో ఆటగాళ్ళు నాగమ్మ, ఆవిడ మనుషులుగా ఉండి, మాచర్ల వేగులు ఎక్కడ దాక్కున్నారో పట్టుకోవాలి. రెండు గదులూ ఆడి వచ్చినవాడు కాస్త ఆలోచిస్తాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పక్కనే కారంపూడి ఉంది. పల్నాటి యుద్ధం జరిగిన చోటు. ఏటా కార్తీక అమావాస్యకి మొదలుపెట్టి అయిదు రోజులు అక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకో ఘట్టం. ఆ ఊరే యుద్ధభూమి అయిపోతుంది. వీరులని కొలిచే వీరాచారవంతులు కొణతాలు పట్టుకుని వస్తారు. కొణతాలంటే వీరుల ఆయుధాలు. మందపోరు రోజున చాపకూడు పెడతారు. లోతు తెలియనివాళ్ళకి అది కూడా వేషాలేసుకుని ఆడే పెద్ద ఆటలా కనిపించవచ్చు. చరిత్రని నడిచి చూడటం, ఊరంతా కలిసి కథలోకి వెళ్ళటం, ఇవన్నీ అందులో ఉన్నాయి మరి.

కానీ అది ఆట కాదు. పూజ. అక్కడ కొణతం పట్టుకున్నవాళ్ళు వీరుణ్ణి నటించడం లేదు, కొలుస్తున్నారు. ఎస్కేప్ రూమ్ పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే కారంపూడి నుంచి పద్ధతి నేర్చుకోండి. రోజుకో ఘట్టం ఎలా నడుపుతారో, ఊళ్ళో ఏ చోట ఏది జరుగుతుందో చూసి నేర్చుకోండి. కొణతాల నమూనాలు మాత్రం చేయించి గదిలో వేలాడదీయకండి. ఆటకి తలపాగా చాలు. గజ్జెలు చాలు.

బయటి దేశాల్లో ఇంకో పద్ధతి ఉంది. న్యూయార్క్‌లో స్లీప్ నో మోర్ అనే ప్రదర్శన 2011 నుంచి చాలా ఏళ్ళు నడిచింది. షేక్స్పియర్ మాక్‌బెత్ కథే. అయిదారంతస్తుల భవనం అంతా నాటకం. చూడ్డానికి వచ్చినవాళ్ళు గదుల్లో ఇష్టమొచ్చినట్టు తిరిగేవారు. ఒకటే షరతు. వచ్చినవాళ్ళందరూ తెల్లటి ముసుగు పెట్టుకోవాలి, మాట్లాడకూడదు. నటుల మొహాలు తెరిచి ఉండేవి, ప్రేక్షకుల మొహాలు మూసి ఉండేవి. అంతమంది జనం తిరుగుతున్నా నటులకీ ప్రేక్షకులకీ గందరగోళం లేదు. ముసుగు ఒక్కటే. అది చేసే పనులు రెండు. చూసేవాణ్ణి దాచింది, ఆడేవాణ్ణి చూపించింది. చవకైన ముసుగుతో అంత పని చేయించారు. ఖర్చు పెడితేనే వేషం అనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

ఖర్చంటే గుర్తొచ్చింది. మన ఎండల మాటేమిటి? పక్కనే రెంటచింతల. రాష్ట్రంలోనే ఎండలకి పేరు మోసిన ఊరు. వైశాఖంలో ఇక్కడ మఖమలు అంగీ వేసుకుని గంటసేపు మూసిన గదిలో తిరగమంటే, బయటపడేలోపల స్పృహ తప్పుతుంది. నూలు గుడ్డలు వాడండి. పల్చగా, వదులుగా, వెనక నుంచి సులువుగా విప్పుకునేలా కుట్టించండి. మామూలు బట్టలమీదే వేసుకునేలా ఉండాలి. మొహానికి రంగులు, గడ్డం జిగుర్లు వద్దే వద్దు. చెమటకి కళ్ళల్లోకి కారతాయి. మన నాటక సమాజాలవాళ్ళు ఆభరణాలకి పొణికి కర్ర వాడతారు. చాలా తేలిక. బరువైన రేకు నగలు పెట్టేబదులు ఆ పద్ధతి వాడుకోండి.

అంతకంటే పెద్ద మాట ఇంకొకటి. 2019 జనవరిలో పోలండ్ దేశంలో కోషాలిన్ అనే ఊళ్ళో ఎస్కేప్ రూములో మంటలు రేగి అయిదుగురు ఆడపిల్లలు చనిపోయారు. అందరికీ పదిహేనేళ్ళే. బయటపడే దారి లేకపోయింది. కాబట్టి ఎవరు పెట్టినా, ఎక్కడ పెట్టినా, తలుపుకి నిజంగా తాళం వెయ్యకూడదు. నెడితే తెరుచుకోవాలి. తాళం వేసినట్టు నమ్మడం ఆట. తాళం వెయ్యడం నేరం. దీన్ని రెండోసారి కూడా చెప్తాను. తలుపు నెడితే తెరుచుకోవాలి. ఇక గుడ్డల సంగతి. నైలాను, పాలిస్టరు, ఇవి మంటకి కరిగి ఒంటికి కరుచుకుంటాయి. వేలాడే కొంగులు, నేలని తుడిచే అంగీలు కాళ్ళకి చుట్టుకుంటాయి. నిజం దీపాలు, కొవ్వొత్తులు గదిలో ఉండనే కూడదు. బ్యాటరీ దీపాలతో సరిపెట్టుకోండి.

ఇదంతా వినేసి మాకు హైదరాబాదులో ఉన్నట్టు పెద్ద గదులెక్కడివండీ అంటారేమో. ఎందుకు? వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే బడి గది ఒకటి చాలు. ఎండ తగ్గాక సాయంత్రం పూట పెట్టుకోండి. హెడ్మాస్టరుగారిని అడిగి తీసుకోండి. నాలుగు చాపలు, రెండు ట్రంకు పెట్టెలు, పాత తాళాలు నాలుగు. టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్కలు అడిగితే ఊరికే ఇస్తాడు. తలపాగామీద అక్షరాలు కుట్టే పని ఎవరైనా పెద్దావిడకి అప్పజెప్పండి. ఆవిడ కథలో ఒక మెలిక తనే కలిపి ఇస్తుంది, చూడండి. పిల్లలకి వేషం ఇచ్చేటప్పుడు నువ్వు ఎవరివి అని అడగకండి. నీ పని ఏమిటి అని అడగండి. పని తెలిసిన పిల్లవాడు వేషం గురించి మర్చిపోతాడు. అప్పుడే అది ఒంటికి అతుకుతుంది.

ఆట అయ్యాక గుడ్డలన్నీ ఉతికించి ఎండలో ఆరేయించండి. తర్వాతి జట్టుకి ముందు జట్టు చెమట అంటించకూడదు. తలపాగా పట్టీ ఉతికేటప్పుడు మాత్రం నల్లదారం రంగు దిగకుండా చూసుకోండి. రంగు దిగితే అక్షరాలు గుడ్డకంతా అంటుకుని, ఏ కర్రకి చుట్టినా చదవలేరు.

ఇక నాగమ్మ వేషం ఎవరికన్నది ముందే తేల్చకండి. చీటీలు వేయండి. మన గురజాల ఆడపిల్లలు ఆ ఒక్క వేషానికే పోటీ పడతారు. బ్రహ్మనాయుడికి మనిషిని బతిమాలి తెచ్చుకోవాలేమో.